చూడకుండా చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా వీధిలో ‘పైకొచ్చినాడు’ అనే మాటకు ఒకటే అర్థం ఉండేది. సొంత మగ్గం ఉన్నవాడు పైకొచ్చినవాడు. లేనివాడు ఇంకా రాలేదు, అంతే. ధర్మవరంలో మిగతా వీధుల సంగతి నాకు తెలియదు గానీ, మా వీధిలో పెళ్లిసంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు కూడా పిల్లవాడి గుణం గురించి తర్వాత అడిగేవారు, ముందు అడిగేది మగ్గం ఎవరిదని. హిందూపురంలో ఉండే మా మేనత్త వాళ్లకైతే బజారులో అంగడి పెడితే పైకొచ్చినట్టు. రైల్వేలో పనిచేసేవాళ్ల ఇళ్లలో కొడుక్కి టోపీ పెట్టుకునే ఉద్యోగం వస్తే పైకొచ్చినట్టు. ఇన్ని రకాలుగా పైకి రావచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ మధ్య నేను పనిచేసిన బడివాళ్లు పిలిచి శాలువా కప్పారు. మీ విజయ రహస్యం పిల్లలకు చెప్పండి టీచరమ్మా అన్నారు. మైకు పట్టుకుని నిలబడ్డాను. ఏదో కష్టపడి చదువుకోండి నాయనలారా అని చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది అది కాదని నాకు తెలుసు. అంతమంది ముందు చెప్పే ధైర్యం లేక ఇప్పుడు ఇంట్లో కూర్చుని కాగితం మీద పెడుతున్నాను.

మా నాయనకు సొంత మగ్గం లేదు. మా ఇంట్లో ఉన్న గుంట మగ్గం షావుకారుది. పట్టు ఆయనది, జరీ ఆయనది, నేసిన చీర ఆయనది. మా నాయనవి రెండు చేతులు, రెండు కాళ్లు. పొద్దున్నే గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే అన్నానికి లేచేవాడు, మళ్లీ కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవాడు. మాట తక్కువ మనిషి. పనిలో మాత్రం ఆయనకు సాటి లేరు. ఎవరి మగ్గం మీదైనా చీర అంచు లోపలికి లాగుతుంటే ఆయన్నే పిలుచుకుపోయేవారు. వెళ్లి, చూసి, సరిచేసి, నీళ్లు కూడా తాగకుండా వచ్చేసేవాడు. అంత పనితనం ఉండీ ఇంకొకరి మగ్గం మీద కూర్చున్నాడని మా అమ్మకు కడుపులో కుములుతూ ఉండేది. నోరు తెరిచి అనేది కాదు. వంటింట్లో గిన్నెలు మాత్రం గట్టిగా చప్పుడయ్యేవి.

నాకు పదేళ్లప్పుడు, ఐదో తరగతిలో ఉండగా, ఒకరోజు షావుకారే మా ఇంటికి నడిచి వచ్చాడు. హిందూపురంలో బట్టల ఎగ్జిబిషన్ పెడుతున్నారని, తన తరఫున అక్కడ ఒకే ఒక్క చీర పెట్టదలుచుకున్నానని, దాన్ని మా నాయనే నేయాలని చెప్పాడు. మా అమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే తాగి, లేచి గడప దగ్గర ఆగాడు.

“అనుకున్న దినానికి చీర నా చేతిలో పెట్టప్పా. నువ్వు కూర్చున్న ఈ మగ్గం ఆపొద్దు నుంచి నీదే.”

మా నాయన సరేనని తల ఊపాడు. షావుకారు వెళ్లిపోయాక మగ్గం చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో ఆ కర్రలన్నీ తడిమాడు. పదిహేనేళ్లుగా రోజూ పట్టుకుంటున్న కర్రలే అవి. మా అమ్మ పసుపూ కుంకుమా తెచ్చి మగ్గానికి పెట్టింది. ఆ రోజు మా ఇంట్లో గిన్నెలు చప్పుడు కాలేదు.

నేత తెలియనివాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మగ్గం మీద నిలువుగా సాగి ఉండే పోగుల్ని పడుగు అంటారు. పట్టుచీరకు అవి వేలల్లో ఉంటాయి. ప్రతి పోగూ దువ్వెన లాంటి అచ్చులో నుంచి విడిగా దూరి రావాలి. ఒక పడుగు అయిపోయినప్పుడల్లా కొత్త పోగులన్నిటినీ మొదటి నుంచి దూర్చాలంటే దినాలు పడుతుంది. అందుకని పాత పడుగు కొసల్ని అచ్చులోనే వదిలేసి, కొత్త పోగుల్ని ఒక్కొక్కటే వాటికి అతుకుతారు. వేళ్లకు బూడిద రాసుకుని, పాత పోగునూ కొత్త పోగునూ పక్కపక్కన పెట్టి ఒక్క మెలి తిప్పుతారు. ముడి వేయకూడదు, ముడి అచ్చులో ఇరుక్కుంటుంది. అంతా అతికాక నేసేవాడు మెల్లగా ముందుకు లాగితే అతుకులన్నీ అచ్చు దాటి ఇవతలికి వస్తాయి. ఎక్కడైనా వరస తప్పినా, రెండు పోగులు కలిసి ఒకదానికే అతుక్కున్నా, లాగినప్పుడు అక్కడ బిగుసుకుని తెగుతుంది. తెగింది ఊరుకోదు, పక్కవాటిని కూడా తెంపుతుంది.

మా వీధిలో ఈ పని చేసేది ఒక అవ్వ. అందరూ అతుకులవ్వ అనేవారు. అసలు పేరేమిటో నాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు. ముదిగుబ్బ వైపు నుంచి కోడలుగా వచ్చి, మొగుడు పోయి, పిల్లలు లేక, మా ఇంటికి మూడిళ్ల అవతల ఒంటిగా ఉండేది. మగ్గాల ఇళ్లన్నిటికీ ఆవిడ వేళ్లే దిక్కు. దీనికి ఒక పద్ధతి ఉండేది. అతుకు అచ్చు దాటేదాకా అతికిన మనిషి ఆ ఇంటి గడప దాటకూడదు. నేతగాడు లాగుతుంటే అవ్వ మగ్గం పక్కనే కూర్చుని చెవి పెట్టి వినేది. అన్నీ దాటాక ఇంటి ఇల్లాలు తాంబూలం, బెల్లం చేతిలో పెడితే, అప్పుడు లేచి “నా చేతి అతుకు ఒక్కటీ తెగలే” అని ఒక మాట అని వెళ్లేది. ప్రతిసారీ అదే మాట. ఆస్తీ పాస్తీ, నా అనేవాళ్లూ లేని ఆ మనిషి తలెత్తుకుని వీధిలో నడిచింది ఆ ఒక్క మాట మీదే.

ఆ అవ్వకూ నాకూ మధ్య ఒక రహస్యం ఉండేది. ఆ ఏడాది ఎండాకాలం నుంచి ఆవిడ కళ్లలో తెల్లగా పొర కమ్ముతూ వచ్చింది. ఒకరోజు ఎదురుగా ఉన్న నీళ్లచెంబు కోసం నేలంతా తడుముతుంటే నేను చూశాను. నన్ను దగ్గరికి పిలిచి, ఎవరికీ చెప్పవద్దని చెయ్యి పట్టుకుంది. చెప్తే రేపటి నుంచి ఏ ఇంటివాళ్లూ పిలవరంది. అప్పటి నుంచి పోగులు అందిస్తానన్న నెపంతో నేను ఎదురుగా కూర్చునేదాన్ని. అవ్వ వేళ్లతో తడిమి అతికేది. ఒక్కో పిడికెడు పోగులు కాగానే గొంతు తగ్గించి “చూడు పాపా, సరిగ్గా ఉండాదా?” అని అడిగేది. నేను తల వంచి, వేలితో విడదీసి, ఒక్కొక్కటే చూసి చెప్పేదాన్ని. తప్పుంటే తీసి మళ్లీ అతికేది. ఇలా మూడిళ్లలో చేశాం. ఒక్కటీ తెగలేదు. పెద్దవాళ్లెవరికీ తెలియని పెద్ద పని చేస్తున్నానని నాకు లోపల గర్వంగా ఉండేది.

షావుకారు పట్టు వచ్చింది, కొత్త పడుగు సిద్ధమైంది, అవ్వ మా ఇంట్లో కూర్చుంది. సరిగ్గా అప్పుడే బడిలో ఇంకో సంగతి జరిగింది. నేను క్లాసులో మొదటిదాన్ని. ఆ ఏడు మొదటిసారిగా, మొదటివాళ్లకు బహుమతి ఇస్తామన్నారు. ఎవర్సిల్వర్ గ్లాసు, ఇప్పటి మాటలో స్టీలుది. మా అయ్యవారు దాన్ని ముందే తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో మన మొహం కనపడేది. మా వీధిలో అప్పటికి ఎవర్సిల్వర్ ఉన్న ఇల్లు ఒకటో రెండో. వారం రోజులు నేను ఆ గ్లాసును చూస్తూ పాఠాలు విన్నాను. బహుమతులిచ్చే రోజు మధ్యాహ్నం పిల్లల నాయనలు కూడా రావాలని చెప్పి పంపారు.

ఆ రోజు పొద్దున్నకు అతుకు పని ఇంకా జానెడు మేర మిగిలి ఉంది, కుడివైపు అంచు పక్కన. అవ్వ చేతులు ఆ రోజు మరీ నిదానంగా కదులుతున్నట్టు నాకు అనిపించింది. నా జడ సగమే అల్లి ఉంది. అమ్మ పెరట్లో నా పరికిణీ ఆరేసింది. వీధిలో నా ఈడు పిల్లలు కనకాంబరాలు పెట్టుకుని పోతూ నా పేరు పిలిచారు. నా కళ్లు వాకిలి మీదే ఉన్నాయి. అవ్వ సరిగ్గా ఉండాదా అని అడిగింది. ఉండాది అవ్వా అన్నాను. చూడలేదు. ఇంకో పిడికెడు అతికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. చివరిసారి అడిగినప్పుడు ఆవిడ వేళ్లు ఒకచోట ఆగాయి.

“బాగా చూస్తివా పాపా? నా వేలికి ఏదో జోడుగా తగిల్నట్టుండాది.”

“చూస్తినవ్వా. ఒక్కొక్కటే ఉండాది. ఇంక లెయ్యి.”

అవ్వ నవ్వి, వేళ్ల బూడిద కొంగుకు తుడుచుకుంది. నువ్వు చూస్తే నేను చూసినట్లే పాపా అంది. ఆ మాట నాకు అప్పుడు చెవికి ఎక్కలేదు. లేచి జడ అల్లించుకోవడానికి పరుగెత్తాను. తర్వాత డెబ్బై ఏళ్లుగా అది నా చెవిలోనే ఉంది.

పద్ధతి ప్రకారం మా నాయన అప్పుడే లాగాలి. కానీ ఆ పని మొదలుపెడితే సాయంత్రం దాకా మధ్యలో లేవకూడదు. ఆయన మగ్గాన్ని చూశాడు, పరికిణీ కట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు. ఈపొద్దు పాపది, రేపు పొద్దున లాగుదాంలే అన్నాడు. అవ్వకు తాంబూలం ముందే ఇప్పించాడు. మా ఇంట్లో అలా జరగడం అదే మొదలు. అవ్వ గడప దగ్గర తటపటాయించింది, అతుకు దాటకుండానే నన్ను పంపిస్తాండావే అంది. నీ అతుకు కదవ్వా, భయమేముండాది అన్నాడు మా నాయన. ఆ మాటకు అవ్వ మొహం విప్పారింది. గోడ పట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది.

బడిలో నా పేరు పిలిచారు. గ్లాసు చేతికిచ్చారు. వెనక గోడకు ఆనుకుని, ఉతికిన పంచ కట్టుకుని మా నాయన నిలబడి ఉన్నాడు. అందరూ చప్పట్లు ఆపేశాక కూడా ఆయన ఇంకా కొడుతూనే ఉన్నాడు. పిల్లలు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. నాకు సిగ్గేసింది. ఇంటికి వస్తుంటే ఆ గ్లాసును తన తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని నడిచాడు, గీతలు పడతాయేమోనని. ఇంటికొచ్చి మగ్గం పక్కనున్న గూట్లో, తను కూర్చుంటే కనపడే చోట పెట్టాడు.

మర్నాడు పొద్దున స్నానం చేసి, మగ్గానికి మొక్కి కూర్చున్నాడు. మొదటి అతుకు దాటేటప్పుడు కొబ్బరికాయ కొట్టడానికి షావుకారు వస్తానన్నాడు. ఆయన వచ్చేలోగా కొంచెం లాగి చూద్దామని మా నాయన అచ్చును మెల్లగా కదిపాడు. అమ్మ పెరట్లో ఉంది. నేను గూట్లోని గ్లాసు తీసి, కుండలో నీళ్లు ముంచుకుని తాగుతున్నాను. ఎడమవైపు అతుకులు నునుపుగా కదిలాయి, మధ్యవి కదిలాయి. కుడివైపుకు వచ్చేసరికి చిన్న చప్పుడు, టప్ అని. ఆ వెంటనే ఇంకొకటి. తర్వాత ఎండిన కందికాయలు ఎండకు పగిలినట్టు వరసగా తెగుతూ పోయాయి.

మా నాయన చెయ్యి ఆపేశాడు. వంగి ఆ పోగుల్ని ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. రెండేసి పోగులు ఒకదానికి అతుక్కుని ఉన్నాయి, కొన్ని ఒకదాని మీదుగా ఒకటి పోయి ఉన్నాయి. గుడ్డివాళ్లు తప్ప అలా ఎవరూ అతకరు. అది అర్థం కావడానికి ఆయనకు ఎంతసేపు పడుతుంది? తల ఎత్తి నన్ను చూశాడు. మూడిళ్లలో అవ్వకు ఎదురుగా కూర్చున్నది ఎవరో, ఎందుకు కూర్చున్నదో ఆ క్షణంలో ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. నా చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఆయన ఏమీ అడగలేదు. నేను చెప్పలేదు.

వీధిలో షావుకారు దగ్గు వినపడింది. మా నాయన పక్కనున్న కత్తి తీసుకున్నాడు. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, బాగున్న అతుకులనూ బాగాలేని అతుకులనూ అన్నిటినీ కలిపి అడ్డంగా కోసేశాడు. పడుగు మీద నేతగాడు కత్తి పెట్టడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. కోసిన అతుకుల కట్టను పొయ్యిలో పడేశాడు. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. షావుకారు లోపలికి అడుగుపెట్టేసరికి ఇల్లంతా ఆ వాసనే.

“నేనే తొందరపడి లాగేస్తి. చిక్కు పడిపాయ, కోసేయాల్సి వచ్చె” అన్నాడు మా నాయన.

తర్వాత నేనూ ఈ పని నేర్చుకున్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ జానెడు మేర మాత్రమే విప్పి మళ్లీ దూర్చి అతికితే రెండు దినాల్లో సర్దుకునేది. చీర గడువుకు అందేది. కానీ అలా చేస్తే షావుకారు ఆ అతుకుల్ని చూసేవాడు. వీధి వీధంతా వచ్చి చూసేది. అవ్వకు కళ్లు లేవని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసేది. చూస్తానని కూర్చున్న పిల్ల చూడలేదని కూడా తెలిసేది. కోసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, కానీ పోగులన్నీ మళ్లీ మొదటి నుంచి అతకాలి, గడువు దాటి మగ్గం పోతుంది. షావుకారు దగ్గు వినపడటానికీ తలుపు తెరుచుకోవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయంలో మా నాయన ఇదంతా ఆలోచించాడు.

షావుకారు గట్టిగా అరవలేదు. ఇన్నేళ్లు పని చేసినవాడివి ఇట్లా చేస్తివేమప్పా అని ఒక్క మాట అని, కొబ్బరికాయ పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఎగ్జిబిషన్ చీరను పై వీధిలో ఇంకో ఆయన నేశాడు. హిందూపురంలో దాన్ని చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారట. ఆయన మగ్గం ఆయనదైంది. ఆ ఇంటి నుంచి మాకూ లడ్లు వచ్చాయి. మా అమ్మ వాటిని ముట్టుకోలేదు. మా నాయన మాత్రం ఒకటి తిని, బాగుండాది అన్నాడు. అప్పుడు మా అమ్మ ఇక పట్టలేక, చేతికొచ్చినదాన్ని నేలపాలు చేసుకుంటివి కదా అని ఏడ్చింది. ఆయన కాదనలేదు.

కోసేసిన రోజు మధ్యాహ్నమే అవ్వ గోడ తడుముకుంటూ వచ్చింది. పడుగు తెగిందని ఎవరో చెప్పారట. నా అతుకేనా అబ్బా తెగింది అని అడిగింది. నీ అతుకు నిక్షేపంగా ఉన్నిందవ్వా, నేనే గబక్కన లాగి చెడగొట్టుకుంటి అన్నాడు మా నాయన. అవ్వకు ప్రాణం లేచి వచ్చింది. వచ్చింది కదా, ఇక తిట్టడం మొదలుపెట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకోకుండా ఎందుకు లాగితివి, పద్ధతి తప్పితే ఇట్లే అవుతుంది, ఇంత వయసొచ్చినా బుద్ధి లేదా అని ఇంటి ముందు నిలబడి చెడామడా తిట్టింది. తర్వాత వీధిలో ఇంటింటికీ చెప్పుకుంది, నా అతుకు తెగలేదు, ఆ అబ్బే తెంపుకున్నాడని. వీధి ఆవిడ మాటే నమ్మింది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, తాగి కూర్చుని ఉంటాడన్నారు. జన్మలో కల్లు ముట్టని మనిషిని. ఆయన పైకొచ్చే రకం కాదులే అనే మాట మా ఇంటికి అప్పటి నుంచి అంటుకుని ఉండిపోయింది.

నేను అదంతా వింటూ గుమ్మం వెనక కూర్చునేదాన్ని. రేపు చెప్తాను అనుకునేదాన్ని. రేపు కాస్తా ఎల్లుండి అయ్యేది.

ఒక వారం పోయాక మా నాయన అవ్వ దగ్గరికి వెళ్లి, నీ పని మా పాపకు నేర్పవ్వా అని అడిగాడు. నువ్వు కూర్చుని చెప్పు, అది చేస్తుందన్నాడు. నీ తర్వాత ఈ వీధికి దిక్కెవరు అని కూడా అన్నాడు. ఆ మాటతో అవ్వ కదిలిపోయింది. అప్పటి నుంచి ఏ ఇంట్లో పని ఉన్నా సెలవు రోజున నేను అతికేదాన్ని, అవ్వ గురువులా పక్కన కూర్చునేది. తాంబూలం ఆవిడకే ఇచ్చేవారు. కళ్లు పూర్తిగా పోయాక కూడా ఇచ్చారు. అన్నీ దాటాక ఆవిడ లేచి, నా చేతి అతుకు ఒక్కటీ తెగలే అనేది. మా ఇంట్లో ఆ మాట అన్నప్పుడు మా నాయన మగ్గం మీద నుంచే, నిజమే అవ్వా అనేవాడు. ఆ రెండు మాటలూ విన్న ప్రతిసారీ నాకు నేలలోకి కుంగిపోయినట్టు ఉండేది.

నేను హైస్కూల్లో ఉండగా అవ్వ మంచాన పడింది. గంజి పట్టడానికి వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం నా మొహమంతా వేళ్లతో తడిమి అడిగింది.

“ఇన్నేండ్లు నీ కండ్లతోనే చూస్తి పాపా. ఒక్క దినమన్నా నాకు తప్పు చెప్తివా నువ్వు?”

లేదవ్వా అన్నాను. ఇంకేమనగలను? చెప్పి ఉంటే ఆవిడకు మిగిలిన ఒక్కటీ పోయేది. అలా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అవ్వ తృప్తిగా తల ఊపింది. రెండు దినాలకు పోయింది.

నేను చదువుకున్నాను. మా వీధిలో ఉద్యోగం వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. పెనుకొండలో బడి. నన్ను దిగబెట్టడానికి మా నాయన రైల్లో నాతో వచ్చాడు. ట్రంకుపెట్టె నన్ను ముట్టుకోనివ్వలేదు. స్టేషన్లో దిగి, ఎండ చల్లారాక నడుద్దామని బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా కొండ కనపడుతోంది. రైల్లో వచ్చినంతసేపూ ఆయన పక్కవాళ్లకు మా పాప టీచరమ్మ అయింది అని చెప్తూనే ఉన్నాడు. అంత మాట్లాడే మనిషి కాదు. నేను పైకొచ్చానట. ఆయన ఇంకా షావుకారు మగ్గం మీదే ఉన్నాడు.

“నాయనా, ఆ దినం నేను చూడలేదు. చూస్తినని అవ్వకు అబద్ధం చెప్తి” అన్నాను.

ఏ దినమని ఆయన అడగలేదు. తువ్వాలుతో పెట్టె మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

“తెలుసు పాపా.”

“తెలిసీ నన్ను ఒక్క మాటన్నా అడగలేదే?”

“నువ్వే చెప్తావని చూస్తాంటి. ప్రతి ఏడూ అనుకుంటాంటి, ఈ ఏడు చెప్తుందేమో అని.”

పదేళ్లు. నేను చెప్తానని పదేళ్లు. ఏడుపు ఆగలేదు నాకు. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నా ఆగలేదు. ఆయన నా తల మీద చెయ్యి వేసి, మగ్గం పోయినదానికి రొంత బాధపడితి, అది పాయ, ఆ మాట నీ లోపల అట్లే ఉండిపాయనే అన్న బాధే పోలేదు అన్నాడు. సాయంత్రం రైలెక్కేటప్పుడు ఆయన మొహం తేలిగ్గా ఉంది. తలుపు దగ్గర నిలబడి, కనపడినంతసేపు చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. నేను సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆయన పడుగు నేనే అతికేదాన్ని. ఆఖరి చీర సగంలో ఉండగా పోయాడు. పాపం, సొంత మగ్గం లేకుండానే పాయ అన్నారు వీధిలో. ఆ చీర పూర్తి చేయడానికి షావుకారు ఇంకొకరిని పంపాడు. మా నాయన నేసిన చోటు ఎక్కడ ఆగిందో, ఇంకొకరిది ఎక్కడ మొదలైందో నేను చూపించగలిగేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఆ గ్లాసు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో నీళ్లు తాగలేను, ఎవరికైనా ఇచ్చేయడానికీ మనసు రాదు. శాలువా కప్పిన రోజు సభలో చప్పట్లు ఆగిపోయాక, ఇంకా ఎవరైనా కొడుతున్నారేమోనని నేను వెనక గోడ వైపు చూశాను. అక్కడ కుర్చీలు పేర్చి ఉన్నాయి.

ఇప్పుడు నా కళ్లలోనూ పొర వచ్చింది. ఇదంతా లావు అక్షరాలతో, తడుముకుంటూ రాశాను. పంక్తులు ఒకదాని మీదుగా ఒకటి పోయాయేమోనని అనుమానం వచ్చి, ఇందాక మా మనవరాలికి కాగితాలిచ్చి, అన్నీ సరిగ్గా ఉన్నాయా చూడు తల్లీ అన్నాను. దానికి పదేళ్లు. కింద దాని స్నేహితులు ఆటకు పిలుస్తున్నారు. సరిగ్గానే ఉన్నాయి అవ్వా అంది. కాగితం తిప్పిన చప్పుడు నాకు వినపడలేదు. ఆడుకోవడానికి పంపించి, కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది తిరిగి వచ్చి చెప్తుందేమోనని చూస్తున్నాను.